రెండో ప్యానెల్ కిటికీ

మంగళవారం ఉదయం ఆరు నలభైకి కాగితం మిల్లులో రెండో నంబరు కరెంటు ప్యానెల్ పేలింది. ఎదురుగా నిలబడిన ఆపరేటర్ అక్కడికక్కడే చనిపోయాడు. ప్యానెల్ లోపల రెండు రాగి కడ్డీలు కలిసే చోట బోల్టు వదులైంది. వదులైన చోట వేడి పుట్టింది. ఒక్క రాత్రిలో పుట్టిన వేడి కాదని, వారాల తరబడి ముదిరిందని చూసినవాళ్ళంతా చెప్పారు. అంతకు ముందు రోజు సాయంత్రమే టెక్నీషియన్ ఆ ప్యానెల్‌ను వేడిని చూసే కెమెరాతో తనిఖీ చేసి, లోపల ముప్పై మూడు డిగ్రీలు అని రాశాడు. బుధవారం సాయంత్రం పోలీసులు అతణ్ణి పట్టుకెళ్ళారు.

గురువారం పన్నెండింటికి స్టేషన్ వెనక గదిలో డిటెక్టివ్ అతని ఎదుట కూర్చుంది. నాలుగింటికి అతణ్ణి మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్తారు. ఈలోగా అతను ఒక కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోవాలి. తనిఖీ చెయ్యలేదని, ఫొటోలు వేరేచోట తీశానని ఆ కాగితంలో ఉంది. పెడితే నిర్లక్ష్యం కేసు, రెండేళ్ళు. పెట్టకపోతే దొంగ సాక్ష్యం పుట్టించి మనిషి చావుకు కారణమైన కేసు, పదేళ్ళు.

"తనిఖీ చేశావా?"

"చేశాను మేడమ్."

"ప్యానెల్ తలుపు తెరిచావా?"

"తెరవకూడదు. లోపల కరెంటు ఉంటుంది. అందుకే తలుపుకి అరచేయంత గుండ్రటి కిటికీ పెట్టారు. దాంట్లోంచి కెమెరా పెట్టి చూడాలి."

"ఎన్ని ఫొటోలు తీశావు?"

"మామూలుగా ప్యానెల్‌కి ఒకటి. ఆ రోజు రెండో దానికి మూడు తీశాను."

"ఎందుకు?"

"బొమ్మ సరిగ్గా రాలేదు. ఎప్పుడూ కడ్డీలు తెల్లగా, గీతల్లా కనపడతాయి. ఆ రోజు మబ్బులా వచ్చింది. కిటికీ మురికి పట్టిందేమోనని తుడిచి మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే."

"ఆ ఒక్క రోజేనా?"

"రెండు వారాల్నుంచీ అంతే. మూడో ప్యానెల్ కూడా. ఒకటోది మాత్రం బాగానే వస్తోంది."

"ఎవరికైనా చెప్పావా?"

"మేనేజర్ గారికి చెప్పాను. లోడ్ తక్కువుంది, కడ్డీలు చల్లగా ఉంటే కనపడవు, స్క్రీన్ మీద నంబరు వస్తోందిగా, అది రాసెయ్ అన్నారు."

"రాసేశావు."

"రాసేశాను."

"ఆయన ఆ మాట అన్నప్పుడు పక్కన ఎవరున్నారు?"

"మేమిద్దరమే."

డిటెక్టివ్ పెన్ను మూత పెట్టింది. "నాకు తగిలే ప్రతి కేసులోనూ అంతే. ముఖ్యమైన మాట అనేటప్పుడు గదిలో ఇద్దరే ఉంటారు. మూడో మనిషికి ఆ టైమ్‌లో ఎప్పుడూ ఇంకేదో పని ఉంటుంది."

టెక్నీషియన్ నవ్వలేదు.

"నాలుగు నెలలే అయింది మేడమ్ ఉద్యోగంలో చేరి. ఆయన ఇరవయ్యేళ్ళ మనిషి. ఆయన అన్నాక ఇంకేం అంటాను?"

"ఇంకోసారి అనాల్సింది," అంది డిటెక్టివ్. లేచింది.

వరండాలో అతని అక్క బల్ల చివర కూర్చుని ఉంది. బట్టలు కుడుతుంది. చూపుడువేలికి ఇంకా దారం చుట్టుకునే ఉంది. డిటెక్టివ్‌ను పెట్టుకున్నది ఆమే.

"సంతకం పెట్టేస్తే మేలంటున్నారు మేడమ్."

"ఎవరు?"

"ఇన్సూరెన్స్ ఆయన. పెద్దమనిషి. కుర్చీ వేసుకుని కూర్చుని నిదానంగా చెప్పాడు. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోతాయమ్మా, కోర్టుకెళ్తే వాడి వయసు అక్కడే అయిపోతుంది అన్నాడు."

"చెయ్యని తప్పు చేశానని రాసిస్తే, ఆ ఆపరేటర్ ఇంట్లోవాళ్ళకి జన్మంతా మీ తమ్ముడే హంతకుడు."

"నాకు తెలీదా? వాళ్ళావిడకి పోయిన నెలే రెండు జాకెట్లు కుట్టిచ్చాను. ఆ గుమ్మం ముందు నుంచి నడవలేకపోతున్నాను."

"ఓపిక పట్టు."

"ఓపిక ఎంతసేపైనా పడతాను మేడమ్. భయమే పట్టలేకపోతున్నాను."

*

మిల్లుకి ఒంటిగంటకి చేరింది. గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబెట్టారు. లోపలికి వెళ్ళాక ఆఫీసులో ఇంకో పావుగంట. ప్యానెల్ గదికి తాళం చెవి మేనేజర్ దగ్గరుందని, మేనేజర్ భోజనానికి వెళ్ళాడని చెప్పారు. మేనేజర్ వచ్చాక తాళం చెవి బీమా ఆయన దగ్గరుందని చెప్పాడు.

బీమా కంపెనీ పరిశోధకుడికి ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు పెట్టుకున్న పేరు కత్తెర. ఏ క్లెయిమ్ అతని చేతిలో పడినా సగానికి తెగుతుందని. డిటెక్టివ్ అతనితో ఇదివరకు మూడు కేసుల్లో తలపడింది. రెండింట్లో ఓడిపోయింది.

గది తలుపు తీసి ఉంది. కత్తెర లోపల కుర్చీలో కూర్చుని ఫైలు సర్దుకుంటున్నాడు.

"రండి మేడమ్ గారూ. అన్నీ అయిపోయాక వస్తారని అనుకుంటూనే ఉన్నాను."

గదిలో మూడు ప్యానెళ్ళు. ఒకటి, మూడు గుయ్యిమంటున్నాయి. రెండో దాని స్థానంలో మసి పట్టిన గోడ ఉంది. దాని తలుపు ఊడదీసి పక్కన ఆనించారు. నేల తడిగా ఉంది. గచ్చు మీద ఒక్క పెంకు లేదు.

"నేల ఎవరు కడిగించారు?"

"నేనే."

"పోలీసులు చూశారా?"

"చూశారు, ఫొటోలు తీసుకున్నారు, సంతకాలు పెట్టారు. నా రిపోర్టు కూడా వెళ్ళిపోయింది. నిన్న మధ్యాహ్నం నుంచి మిల్లు నడుస్తోంది."

"రెండో ప్యానెల్ లేకుండానా?"

"దాని లోడ్ కూడా మూడో దాని మీదే వేశారు," అన్నాడు మేనేజర్ గుమ్మంలోంచి. అతను లోపలికి రాలేదు.

"మూడో దాన్ని తనిఖీ చేశారా?"

"కిటికీలోంచి చూశాం. ముప్పై నాలుగు."

డిటెక్టివ్ కత్తెర చేతిలో ఫైలు వైపు చూసింది. "ఫొటోలు ఇస్తారా, ఇన్‌స్పెక్టర్‌తో చెప్పించమంటారా?"

"అంత దూరం ఎందుకమ్మా. దాచుకోవడానికి ఏముంది?"

ఐదు ఫొటోలు బల్ల మీద పరిచాడు. మొదటిది ఒకటో ప్యానెల్‌ది. నల్లటి నేపథ్యం మీద మూడు కడ్డీలు నిలువుగా తెల్లగా ఉన్నాయి. తర్వాతి మూడూ రెండో ప్యానెల్‌వి. చివరిది మూడో దానిది. ఆ నాలుగింట్లో కడ్డీలు లేవు. బూడిద రంగు మీద, మధ్యలో కాస్త లేత బూడిద రంగు మచ్చ. పైన చిన్న గుండ్రం. దాని కింద రెండు పక్కలకీ పొడుచుకొచ్చిన రెండు కోణాలు.

"చూశారుగా," అన్నాడు కత్తెర. "మొదటిది నిజంగా తీశాడు. అక్కడితో ఒళ్ళు బరువెక్కింది. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని గోడకేసి నాలుగు కొట్టాడు. గోడ వెనక ఏదో పైపు ఉండి ఉంటుంది, ఆ మచ్చ అదే. ముప్పై మూడు డిగ్రీలు అంటే గోడ వేడి. ప్యానెల్ వేడి కాదు."

"గోడని ఒకసారి తీస్తే చాలుగా. మూడుసార్లు ఎందుకు తీశాడు?"

"అది వాణ్ణి అడగండి."

"అడిగాను. బొమ్మ సరిగ్గా రాలేదన్నాడు. దొంగపని చేసేవాడు బొమ్మ బాగా రాలేదని మళ్ళీ తీస్తాడా?"

"మేడమ్ గారూ, దొంగలందరూ తెలివైనవాళ్ళయితే మనిద్దరికీ జీతాలుండవు."

డిటెక్టివ్ ఊడదీసిన తలుపు దగ్గరికి వెళ్ళింది. కిటికీ ఉండాల్సిన చోట గుండ్రటి ఇనుప చట్రం మిగిలింది. దాని లోపల రబ్బరు వాషర్ సగం కాలి ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వాషర్‌ను పట్టకారుతో ఎత్తింది. ఒక పక్క ఏమీ లేదు. చట్రం చుట్టూ కొంచెం కొంచెంగా ఎత్తుతూ పోయింది. వెనక కత్తెర ఫైలు మూయడం వినపడింది. మూడొంతులు తిరిగాక వాషర్ గాడిలో గోరంత ముక్క దొరికింది.

"ఇదేంటి?" అని మేనేజర్‌ను అడిగింది.

"కిటికీ ముక్క."

"కిటికీ దేంతో చేస్తారు?"

"అది కాల్షియం ఫ్లోరైడ్ అండి. అలాగే వస్తుంది కంపెనీ నుంచి."

"గాజు కాదు?"

"గాజులాగే ఉంటుంది," అన్నాడు. అడిగిన ప్రశ్న అది కాదు.

ఆమె కారిడార్‌లోకి వెళ్ళి ఫోన్ తీసింది. ఆమె వదిన టెలిస్కోప్ కటకాలు చేసే చోట పనిచేస్తుంది.

"వదినా, కాల్షియం ఫ్లోరైడ్ అంటే ఏంటి?"

"ఫోన్ చేసి మూణ్ణెల్లయింది. బాగున్నావా అని కూడా అడగవా?"

"బాగున్నావా? కాల్షియం ఫ్లోరైడ్ అంటే ఏంటి?"

"మీ అన్నయ్యా ఇంతే. స్ఫటికం. భూమిలో దొరుకుతుంది. మేం వాడేది కొలిమిలో పెంచుతారు. మామూలు గాజు కటకంతో చుక్కని చూస్తే చుట్టూ ఊదారంగు అంచు కనపడుతుంది. దీంతో చేసిన కటకం పక్కన చేరిస్తే ఆ అంచు పోయి చుక్క..."

"నాకు చుక్కలు పట్టపగలే కనపడుతున్నాయి వదినా. కరెంటు ప్యానెల్‌కి కిటికీగా దాన్నెందుకు పెడతారు?"

"వేడి కెమెరా చూసేది వెలుగుని కాదు. వేడి వస్తువుల నుంచి వచ్చే కిరణాల్ని. మన కంటికి కనపడవు. గాజు వాటిని దాటనివ్వదు. ఫ్లోరైడ్ దాటనిస్తుంది. గాజు ముందు ఆ కెమెరా పెడితే గాజు ఎంత వేడిగా ఉందో చెప్తుంది. గాజు వెనక కొలిమి మండుతున్నా దానికి తెలీదు."

"కంటికి తేడా తెలుస్తుందా?"

"నీ కంటికి తెలీదు. నాకూ ఊరికే చూస్తే తెలీదు."

"నా చేతిలో గోరంత ముక్క ఉంది."

"అంచు చూడు. ఫ్లోరైడ్ విరిగితే పలకలు లేచినట్టు చదునుగా విరుగుతుంది. గాజు గవ్వ లోపలి భాగంలా వంపు తిరిగి పగులుతుంది. కత్తి ఉందా?"

"ఉంది."

"గీసి చూడు. ఫ్లోరైడ్ మెత్తన. గీత పడుతుంది. గాజు మీద కత్తి జారిపోతుంది."

ఆమె ముక్కను కిటికీ గట్టు మీద పెట్టి భూతద్దంతో చూసింది. అంచు వంపు తిరిగి ఉంది. కత్తి మొనతో గీసింది. జారింది. గట్టిగా నొక్కి గీసింది. మళ్ళీ జారింది.

"గీత పడలేదు."

"అయితే గాజే."

"ఫ్లోరైడ్ కిటికీ పగలాలంటే ఏం చెయ్యాలి?"

"వెచ్చగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పొయ్యి. అంతకంటే అక్కర్లేదు. వేడికి గాజుకంటే రెండింతలు వ్యాకోచిస్తుంది. ఒక్కసారిగా చల్లబడితే తట్టుకోలేదు. మేం కటకాన్ని ఒక గదిలోంచి ఇంకో గదికి మార్చాలన్నా దుప్పటి చుట్టి పూటంతా తీసుకుంటాం. పసిపిల్లకి స్నానం చేయించినట్టు చూస్తాం. ఇంకేం కావాలి?"

"అంతే."

"ఆదివారం భోజనానికి రా."

"వస్తాను," అంది డిటెక్టివ్. పోయిన మూడుసార్లూ అదే చెప్పింది.

*

గదిలోకి తిరిగి వచ్చేసరికి రెండుంబావు.

"రెండో ప్యానెల్‌కి గాజు కిటికీ ఉంది," అంది. ముక్కను, కత్తిని బల్ల మీద పెట్టింది.

కత్తెర ముక్కను చూసి నవ్వాడు. "పేలుడులో బల్బు పగిలింది, గడియారం పగిలింది, మీటర్లు పగిలాయి. ఏ గాజో ఎగిరి అక్కడ పడింది."

"వాషర్ కింద, గాడిలోకి ఎగిరి పడిందా?"

"పేలుడుకి తలుపే వంగిపోయింది. గోరంత ముక్కకి దారి దొరకదా? ఇది పట్టుకుని మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళండి. ఆయన కూడా నవ్వుతాడు."

ఆ ముక్క కోర్టులో నిలవదని డిటెక్టివ్‌కు తెలుసు. నేల కడగకపోతే ఇలాంటివి దోసెడు దొరికేవి. వాటిని కలిపి పేరిస్తే కిటికీ అయ్యేది.

"కిటికీలు ఎప్పుడు మార్చారు?" అని మేనేజర్‌ను అడిగింది.

"మార్చలేదండి. పెట్టినప్పటివే."

"మిల్లులో ఇంకో వేడి కెమెరా ఉందా?"

"ఉంది కానీ..."

"కానీ ఏంటి?"

మేనేజర్ కత్తెర వైపు చూశాడు. కత్తెర భుజాలెగరేశాడు. మేనేజర్ వెళ్ళి బీరువాలోంచి కెమెరా తెచ్చాడు.

ఆమె ముందు ఒకటో ప్యానెల్ ముందు నిలబడింది. కిటికీకి ఎదురుగా కెమెరా పట్టింది. స్క్రీన్ మీద మూడు కడ్డీలు తెల్లగా కనపడ్డాయి. పైన నంబరు నలభై ఆరు. తర్వాత మూడో ప్యానెల్ ముందుకి వెళ్ళింది. బూడిద రంగు. మధ్యలో లేత మచ్చ. ముప్పై ఐదు.

ఆమె కెమెరాను కాస్త కుడికి జరిపింది. మచ్చ జరిగింది. ఆగింది. మచ్చ ఆగింది.

ఎడమ మోచేతిని పైకెత్తింది. మచ్చకు ఒక పక్కనున్న కోణం పైకి లేచింది.

చెయ్యి దింపింది. కోణం దిగింది.

"సార్, ఇలా రండి," అంది మేనేజర్‌తో. "ఈ స్క్రీన్ చూస్తూ ఉండండి."

మేనేజర్ రెండడుగులు వేసి ఆమె వెనక నిలబడ్డాడు. స్క్రీన్ మీద మచ్చ పక్కన ఇంకో మచ్చ చేరింది.

"చెయ్యి ఊపండి."

ఊపాడు. రెండో మచ్చ చెయ్యి ఊపింది. మేనేజర్ చేతిని గాల్లోనే ఉంచేశాడు.

"గాజు వేడి కిరణాల్ని దాటనివ్వదు. కొంత వెనక్కి కొడుతుంది," అంది డిటెక్టివ్. "ఈ కెమెరాకి గాజు కిటికీ కాదు, అద్దం. మన ఒంటి వేడి దాంట్లో కనపడుతోంది. ఆ ఫొటోలు చూడండి. గుండ్రంగా ఉన్నది తల. రెండు కోణాలు మోచేతులు. కెమెరాని రెండు చేతులతో మొహం ముందు పట్టుకున్న మనిషి. గోడ వెనక పైపు కాదు సార్, టెక్నీషియన్. సోమవారం సాయంత్రం అతను రెండో ప్యానెల్ ఎదురుగా నిలబడి తనని తానే మూడుసార్లు ఫొటో తీసుకున్నాడు. ఆ సంగతి అతనికి తెలీదు."

మేనేజర్ చెయ్యి దింపి ఫొటోల వైపు చూశాడు.

"బాగుంది," అన్నాడు కత్తెర. కుర్చీలోంచి లేచాడు. "గారడీ బాగుంది. దానివల్ల ఏం రుజువైంది?"

"మూడో ప్యానెల్‌కి కూడా గాజే ఉందని రుజువైంది. లోపల ఎంత వేడి ఉందో ఎవరికీ తెలీదు. నిన్నటి నుంచి రెండు ప్యానెళ్ళ లోడ్ దాని మీద ఉంది. ఆపించండి."

"నా రిపోర్టులో సురక్షితం అని రాశాను."

"అయితే ఇలా వచ్చి దీని ముందు నిలబడండి. మీ మచ్చ కూడా చూద్దాం."

కత్తెర రాలేదు. అప్పుడు డిటెక్టివ్ ఒక విషయం గమనించింది. ఆమె వచ్చినప్పటి నుంచి అతను ఒకటో ప్యానెల్ పక్కనే కూర్చున్నాడు. ఫొటోలు పరచడానికి లేచినప్పుడు కూడా మూడో ప్యానెల్ ముందు నుంచి కాకుండా బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు.

"రండి సార్. ముప్పై ఐదేగా."

"ఒక ఫోన్ మాట్లాడి వస్తాను," అన్నాడు కత్తెర. ఫైలు తీసుకుని బయటికి వెళ్ళాడు.

డిటెక్టివ్ అతని వెనక వెళ్ళలేదు. తలుపు దగ్గరికి వేసి మేనేజర్ వైపు తిరిగింది.

"ప్యానెల్ ఆపండి."

"నా చేతుల్లో లేదండి. పైనుంచి ఆర్డర్ రావాలి. మిషన్ మీద కాగితం ఉంది. మధ్యలో ఆపితే..."

"షిఫ్టు ఎప్పుడు మారుతుంది?"

"మూడింటికి."

"మూడింటికి దీని ముందు వచ్చి నిలబడే ఆపరేటర్ ఎవరు?"

మేనేజర్ మూడో ప్యానెల్ నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పోనీ మీరు నిలబడతారా, అతని బదులు?"

"మేడమ్..."

"ఎప్పుడు కడిగించారు?"

"ఏంటి?"

"ప్యానెళ్ళు. రెండు వారాల క్రితం. వెచ్చగా ఉన్నప్పుడు చన్నీళ్ళు తగిలితే ఆ కిటికీలు చిట్లుతాయి. మీరు ఇరవయ్యేళ్ళ నుంచి ఉన్నారు. మీకు తెలీదనుకోను."

మేనేజర్ కత్తెర ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు. జేబు రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులకి ఏమీ అంటలేదు.

"నాకు తెలుసు. కడిగినవాళ్ళకి తెలీదు. పాలసీ రెన్యువల్‌కి తనిఖీ ఉంది, గది శుభ్రంగా ఉండాలి, తుడిపించండి అన్నాను. తుడవమంటే కరెంటు ఆపిన పది నిమిషాలకే పైపు పెట్టి కడిగేశారు. ఒకటోదానికి నీళ్ళు తగల్లేదు. మిగతా రెండూ అడ్డంగా చిట్లాయి."

"కొత్తవి తెప్పించలేదే?"

"రావడానికి మూణ్ణెల్లు పడుతుందన్నారు. కిటికీ లేకుండా తనిఖీ పాసవదు. పాసవకపోతే ప్యానెళ్ళు నడపకూడదు. తల పట్టుకుని కూర్చుంటే ఆయనే అన్నాడు."

"ఎవరు?"

"ఆ రోజు తనిఖీకి వచ్చిందీ ఈయనే కదండీ." మేనేజర్ తలుపు వైపు చూపించాడు. "అందాకా గాజు కోయించి పెట్టు, కంటికి తేడా తెలీదు, నేను పాస్ చేస్తాను అన్నాడు. లోడ్ తక్కువలో ఉంచితే మూణ్ణెల్లకి ఏం కాదు అనుకున్నాను. వారం తిరక్కుండానే పెద్ద ఆర్డర్ వచ్చింది."

"ఆ కుర్రాడు వచ్చి బొమ్మ రావట్లేదంటే నంబరు రాసెయ్ అన్నారు."

"అన్నాను."

"వాడు స్టేషన్లో ఉన్నాడు."

"తెలుసు."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్తారా?"

మేనేజర్ రుమాలు మడత పెట్టాడు. ఇంకో మడత పెట్టాడు. "నాకు ఇద్దరు ఆడపిల్లలు," అన్నాడు.

"ఆపరేటర్‌కీ ఒక పిల్ల ఉంది. ముందు ప్యానెల్ ఆపండి. చెప్పాలో వద్దో తలుపు తీశాక ఆలోచించుకోండి."

అతను కదల్లేదు. డిటెక్టివ్ కెమెరా పట్టుకుని మూడో ప్యానెల్ ముందుకి వెళ్ళి నిలబడింది. కిటికీకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర.

"ఏం చేస్తున్నారు?"

"మూడింటి దాకా ఇక్కడే ఉంటాను. షిఫ్టు ఆపరేటర్ వచ్చాక అతనికి చెప్పి తప్పుకుంటాను."

"మేడమ్, పక్కకి రండి."

"ముప్పై ఐదు డిగ్రీలే సార్."

"మేడమ్, దయచేసి పక్కకి రండి."

ఆమె రాలేదు. మేనేజర్ లేచాడు. గోడ మీది ఫోన్ తీసి కంట్రోల్ రూమ్‌కి చెప్పాడు. "మూడు ఆపండి. అవును, మిషన్‌తో సహా. నా మాట మీద." అవతలివాళ్ళు ఏదో అన్నారు. "తెగితే తెగనీ కాగితం," అని పెట్టేశాడు.

రెండు యాభై రెండుకి మూడో ప్యానెల్ మోత ఆగింది. ఎలక్ట్రీషియన్ వచ్చి కరెంటు లేదని రెండుసార్లు పరీక్షించి, ఎర్ర తాళం వేసి, తలుపు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. ఒక బోల్టు పట్టేసింది. నూనె పోసి ఐదు నిమిషాలు ఆగాల్సి వచ్చింది. ఈలోగా డిటెక్టివ్ స్టేషన్‌కు ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. అక్క ఫోన్‌కి చేసింది. అదీ ఎంగేజ్.

మూడు దాటిన పది నిమిషాలకి తలుపు తెరుచుకుంది. మాడిన వాసన వచ్చింది. మధ్య కడ్డీ జాయింట్ మీద ఉండాల్సిన తొడుగు కరిగి కిందికి జారి, పాకం తీగలా వేలాడుతోంది. కరెంటు ఆగి అప్పటికి పద్దెనిమిది నిమిషాలైంది. ఆమె తెరిచిన తలుపులోంచి కెమెరా పట్టింది.

"ఎంత?" అన్నాడు మేనేజర్.

"మీరే చదవండి."

"నూట యాభై ఎనిమిది."

ఎలక్ట్రీషియన్ స్పానర్ కింద పెట్టాడు. "దీని ముందు ఇందాక టీ తాగాను నేను," అన్నాడు.

డిటెక్టివ్ జాయింట్‌ను, కరిగిన తొడుగును, కిటికీని ఫొటోలు తీసింది. ఎలక్ట్రీషియన్ చేత కిటికీ చట్రం ఊడదీయించి గాజును గుడ్డలో చుట్టింది. కత్తితో వాళ్ళిద్దరి ముందూ గీసింది. గీత పడలేదు. మేనేజర్ దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"వస్తాను," అన్నాడు. "స్టేషన్‌కి. చెప్తాను."

"ఆయన ఎక్కడ?"

గేటుకి ఫోన్ చేసి కనుక్కున్నారు. కత్తెర కారు రెండు ముప్పై ఐదుకి బయటికి వెళ్ళింది. స్టేషన్ అక్కడికి పావుగంట.

మూడు ఇరవై రెండుకి అక్క ఫోన్ ఎత్తింది.

"సంతకం పెట్టనివ్వకు," అంది డిటెక్టివ్. "దొరికింది. అంతా దొరికింది. మేం బయల్దేరుతున్నాం."

అవతల బల్ల కిర్రుమంది.

"వినపడుతోందా?"

"మీరే పెట్టించమన్నారట కదా మేడమ్."

"ఎవరన్నారు?"

"ఇన్సూరెన్స్ ఆయన వచ్చాడు. మీ దగ్గర్నుంచే వస్తున్నానన్నాడు. మిల్లంతా వెతికినా మీకేమీ దొరకలేదని, నాకు చెప్పడానికి మీకు మొహం చెల్లక ఆయన్ని చెప్పమన్నారని. గాజు ముక్క ఒకటి దొరికిందని, అది ఎందుకూ పనికిరాదని కూడా చెప్పాడు. మీ దగ్గర లేకపోతే ఆయనకి అదెలా తెలుస్తుంది అనుకున్నాను." ఆమె గొంతు తగ్గింది. "వాడు పెట్టనన్నాడు. నేనే బతిమాలాను. నా మీద ఒట్టు వేయించుకున్నాను."

"ఇన్‌స్పెక్టర్‌కి ఇవ్వు."

ఫోన్ చేతులు మారింది. ఇన్‌స్పెక్టర్ నిదానంగా మాట్లాడాడు. కాగితం కోర్టుకు వెళ్ళిపోయింది. టెక్నీషియన్ కూడా వెళ్ళాడు. నాలుగింటి దాకా ఆగలేదేమని డిటెక్టివ్ అడిగింది. మేజిస్ట్రేట్ ముందే పిలిచారని అతను చెప్పాడు.

"సంతకం ఎన్నింటికి పెట్టాడు?"

"మూడు దాటిన ఐదు నిమిషాలకి."

"సాక్షి ఎవరు?"

కాగితాల చప్పుడు వినపడింది. సాక్షులు ఇద్దరని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. ఒకరు బీమా కంపెనీ పరిశోధకుడు. రెండో సంతకం నిందితుడి అక్కది.